తుమ్మెద హ్యూ కట్టిన బాణీ

ఉత్తర వేల్స్ కొండల్లో ఉన్న మా బ్రిన్‌లాస్‌లో కళ్లు మూసుకుని రాయి విసిరితే అది తప్పకుండా ఒక హ్యూ హ్యూస్‌కి తగులుతుంది. అతను తిట్టుకుంటూ వెనక్కి తిరిగితే, చూసి నవ్వేవాడు ఇంకో హ్యూ హ్యూస్ అయి ఉంటాడు. తాత పేరు మనవడికి పెట్టాలి, తండ్రి పేరు ఇంటిపేరుగా రావాలి, ఉన్న పేర్లేమో గుప్పెడు. అందుకని బాప్తిస్మం నాడు పెట్టిన పేరు బైబిలు అట్ట వెనకే ఉండిపోతుంది, మనిషి మాత్రం ఊరు పెట్టిన పేరుతో తిరుగుతాడు. పాలు పోసేవాడు పాల హ్యూ. సమాధులు తవ్వేవాడు గోతుల హ్యూ. ఎండాకాలంలో కూడా ఒకదాని మీద ఒకటి తొడుక్కునేవాడు రెండు చొక్కాల హ్యూ. మా అక్క మొగుడు పొద్దస్తమానం ఏదో ఒక కూనిరాగం తీస్తూనే ఉండేవాడు కనుక తుమ్మెద హ్యూ.

వీళ్లు కాక గోడమీది హ్యూ హ్యూస్‌లు వేరే ఉన్నారు. హోరేబు మందిరం పక్కగదిలో, టీ కాచే పొయ్యికి పైన, మూడు పటాలు వరసగా వేలాడుతుంటాయి. మొదటాయన ప్రసంగీకుడు. ఆయన నరకం గురించి చెబుతుంటే ముందు వరసలో కూర్చున్నవాళ్లు కోట్లు విప్పుకునేవాళ్లట. రెండో ఆయన ఓడ కెప్టెన్. సముద్రాలన్నీ తిరిగి ఊరికి ఒక చిలకని తెచ్చాడు, ఆ చిలక పలికిన మాటలు మాత్రం ఎవరూ చెప్పరు. మూడో ఆయన అందరికన్నా గొప్పవాడు, సంగీతకారుడు. మావాళ్లలో పాట కట్టి పోటీల్లో గెలిచినవాడికి పండితులు నలుగురి ముందు నిలబెట్టి ఒక బిరుదు పేరు పెడతారు. ఈయనకి పెట్టిన పేరు బ్రిన్‌లాస్ కోయిల. ఆయన బాణీలు మా భాషలో పాడుకునే ప్రతి మందిరంలోనూ పాడతారు. ఏటా వసంతం రాగానే మా పాస్టరు ఎమ్లిన్ పగ్ అయ్యగారు ‘మన ఊరి హ్యూ హ్యూస్‌లు’ అని ఉపన్యాసం ఇస్తారు. తరవాత టీ, ఎండుద్రాక్షల రొట్టె. ఆ ఉపన్యాసం నాకు నోటికి వచ్చు. తుమ్మెద హ్యూ పేరు అందులో ఎక్కడా రాదు. అందుకే ఆయన సంగతి నేను చెబుతున్నాను. నా పేరు కాత్రిన్. ఆయన మరదలిని, బట్టలు కుట్టుకుని బతికేదాన్ని. నా నోరు మంచిది కాదని ఊళ్లో అంటారు. ఆ విషయంలో ఊరు అబద్ధం చెప్పదు.

బావ పలకల క్వారీలో పని చేసేవాడు. పొట్టి మనిషి, చాటంత చెవులు. రాతి దిమ్మని తొడకి ఆనించుకుని, అంచున ఉలి పెట్టి, చెక్కసుత్తితో రెండు దెబ్బలు తట్టి, ఇంటికప్పు పలకలు పలచగా చీల్చేవాడు. ఆ దుమ్ములోనే కూనిరాగం. మా అక్క లౌరిని పెళ్లి చేసుకోమని అడగటానికి వచ్చినప్పుడు కూడా గుమ్మంలో నిలబడి టోపీ తిప్పుతూ కూనిరాగమే తీశాడు. అక్క లోపలికి వచ్చి, “ఒసేయ్ కాత్రిన్, ఇతను పెళ్లాడమంటున్నాడో పాడమంటున్నాడో నువ్వన్నా కనుక్కోవే” అంది. చివరికి నేనే అడిగి తేల్చాను.

పెళ్లయిన చాలా ఏళ్లకి ఒక ఆడపిల్ల పుట్టింది. నెస్టా. ఎర్రటి జుట్టు, బావ చెవులు. సాయంత్రం బావ క్వారీ నుంచి రాగానే ఆయన బూట్ల మీద ఎక్కి నిలబడేది, ఆయన రాగం తీస్తూ పిల్లని అలాగే వంటింట్లో నడిపించేవాడు. ఒక చలికాలం కంఠసర్పి వచ్చి ఊపిరాడక పిల్ల పోయింది. బడికి వెళ్లడం మొదలుపెట్టిన ఏడాదే.

అక్క మాట్లాడటం మానేసింది. బావ రాగం మానేశాడు. ఆ ఇంట్లో పిల్ల పేరు ఎత్తడానికి ఇద్దరికీ ధైర్యం లేదు. ఒకరు ఎత్తితే రెండోవాళ్లు కూలిపోతారని ఇద్దరికీ భయం. నేను వెళ్లి పొయ్యి రాజేసి, బంగాళాదుంపలు ఉడకేసి, ఇద్దరి ముందూ పెట్టి వచ్చేదాన్ని. మర్నాడు వెళ్తే పెట్టినవి పెట్టినట్టే ఉండేవి.

క్వారీలో మధ్యాహ్నం మగవాళ్లు భోజనాల పాకలో చేరతారు. అక్కడ రొట్టె తినడం తక్కువ, పాటల పోటీలు, వాదాలు ఎక్కువ. నలుగురు మగవాళ్లు ఒకచోట చేరితే నాలుగు గొంతులుగా విడిపోయి పాడందే మావాళ్లకి అన్నం అరగదు. మంచు కరిగాక ఒక మధ్యాహ్నం బావ, పగుళ్లిచ్చిన ఒక పలక మీద మేకుతో స్వరాలు గీసి తోమాస్ ప్యారీ చేతికి ఇచ్చాడు. తోమాస్ మా మందిరంలో పాట ఎత్తేవాడు. “ఇది పాడి చూడు” అన్నాడట బావ. తోమాస్ పాడాడు, రెండోసారికి మిగతావాళ్లు అందుకున్నారు. మంద్రం పాడే నెడ్ మోర్గన్ అడిగాడట, “దీనికేం పేరు పెడతావురా తుమ్మెదా?” అని. “నెస్టా” అన్నాడు బావ. నెడ్ టోపీతో మొహం తుడుచుకుని, పాడు దుమ్ము అన్నాడట. ఇదంతా నాకు చెప్పింది ఆ నెడ్డే. అది గుర్తుంచుకోండి.

మా మందిరంలో ఒక పద్ధతి ఉంది. కీర్తన మాటలు వేరు, బాణీ వేరు, ప్రతి బాణీకీ సొంత పేరుంటుంది. పాట ఎత్తేవాడు లేచి ముందు బాణీ పేరు అందరికీ వినిపించేలా చెబుతాడు, తరవాతే శృతి అందిస్తాడు. ఆ ఆదివారం తోమాస్ లేచి, “బాణీ: నెస్టా” అన్నాడు. అక్క తల ఎత్తింది. పిల్లని సమాధి చేశాక ఆ పేరు ఇంకొకరి నోట వినడం అదే మొదలు. జనం లేచి పాడారు. అక్క కూడా లేచింది. పాడలేదు కానీ, లేచి నిలబడింది. ఆ మధ్యాహ్నం నేను పెట్టింది తింది, ఉప్పు తక్కువైందని కూడా అంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పటి నుంచి అక్కకి ఆదివారమంటే ఆ ఒక్క మాట. ప్రసంగం ఏమిటో ఆమెకి పట్టదు. తోమాస్ మంచివాడు, ఆ రోజుల్లో. నెలకోసారైనా ఆ బాణీ ఎత్తేవాడు. ఇంట్లో అనలేని పేరుని ఊరు ఊరంతా వింటుండగా ఒక మనిషి లేచి అంటాడు. అది విని ఆమె ఇంటికొచ్చి ఇంకో నెల బతికేది. బావ మళ్లీ కూనిరాగం మొదలుపెట్టాడు.

ఇంతలో కొత్త పాటల పుస్తకం అచ్చు వేయబోతున్నామని, ఊళ్లలో పుట్టిన మంచి బాణీలుంటే పంపమని పట్నం నుంచి పెద్దలు అడిగారు. తోమాస్ సంబరపడి ‘నెస్టా’ని చక్కగా నకలు తీసి, కింద హ్యూ హ్యూస్, బ్రిన్‌లాస్ అని రాసి పంపాడు. ఇంకేం రాస్తాడు? తుమ్మెద అని రాస్తాడా? బిరుదు పేరు ఉంటే కదా రాయడానికి. అక్కడి పండితులకి మా ఊళ్లో తెలిసిన హ్యూ హ్యూస్ ఒక్కడే. ఎప్పుడో పోయిన కోయిలగారి బాణీ ఒకటి ఎవరికీ తెలియకుండా పల్లెలో పడి ఉందని మురిసిపోయారు. మురిసిపోయి ఊరుకోలేదు. ఆ మహానుభావుడికి జన్మనిచ్చిన ఊరిని గౌరవించాలని బాణీ పేరు మార్చి ‘బ్రిన్‌లాస్’ అని పెట్టారు. వాళ్లలో చెడ్డవాడు ఒక్కడూ లేడు. అదే నాకు ఇప్పటికీ కంపరం.

పుస్తకాలు వచ్చిన ఆదివారం మందిరమంతా కొత్త జిగురు వాసన. తోమాస్ లేచి పేజీ తిప్పాడు. ఆగాడు. బావ వైపు చూశాడు, సంఘపెద్దలు కూర్చునే బల్ల వైపు చూశాడు, మళ్లీ పుస్తకంలోకి చూశాడు. “బాణీ: బ్రిన్‌లాస్” అన్నాడు. అక్క ఏదో కొత్త బాణీ అనుకుంది. శృతి అందించగానే ఆమెకి తెలిసింది. జనం పాడుతూనే ఉన్నారు, ఆమె నా చెయ్యి పట్టుకుని, “వీళ్లు దాని పేరు ఎందుకు అనలేదే?” అంది.

మర్నాడే బావ అయ్యగారి ఇంటికి వెళ్లాడు. నేనూ వెళ్లాను, రమ్మనకపోయినా. అక్కడ గ్వాల్టర్ ప్రైస్ ముందే కూర్చుని టీ తాగుతున్నాడు. ఈ గ్వాల్టర్ కోయిలగారి మేనల్లుడు. మందిరంలో పెద్దల బల్ల మీద కూర్చుంటాడు, క్వారీలో బేరాలు కుదురుస్తాడు. అంటే నెల మొదట్లో ఏ జట్టుకి కొండలో ఏ ముక్క ఇవ్వాలో, పలకకి ఎంత ధర కట్టాలో చెప్పేది ఇతనే. మంచి రాయి ఇస్తే ఆ నెల ఇంట్లో వెన్న ఉంటుంది. పిచ్చిరాయి ఇస్తే ఎంత చచ్చినా చెత్తే మిగులుతుంది.

బావ టోపీ నలుపుతూ నిలబడ్డాడు. “బాణీ ఎవరిదని రాసుకున్నా నాకేం పర్లేదండి అయ్యగారూ. కోయిలగారిదనే ఉంచుకోమనండి. పిల్ల పేరు ఒక్కటి మళ్లీ పెట్టించండి. ఆ పేరు వినపడకపోతే మా ఇంటిది ఉండలేదండి.”

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “హ్యూ, నువ్వెంత అదృష్టవంతుడివో ఆలోచించావా? నీ చేతిలోంచి వచ్చింది ఆయనదనుకున్నారంటే ఎంత గొప్పది అయి ఉండాలి!”

“అదృష్టమేనండి,” అన్నాను నేను. “రేపు మీ ప్రసంగాలన్నీ గోడమీది పెద్దాయనవని అచ్చేస్తే తమరూ ఊళ్లో రొట్టె పంచండి.”

గ్వాల్టర్ నవ్వాడు. “కాత్రిన్, చేతిలో సూది ఎప్పుడూ ఉంటుందిగా, నోటికి కూడా రెండు కుట్లు వేసుకోరాదూ?”

“కుట్టాల్సిన నోళ్లు ఊళ్లో చాలా ఉన్నాయి, దారం చాలదు.”

అతను నన్ను వదిలేసి బావ వైపు తిరిగాడు. గొంతు మెత్తగా పెట్టాడు. “చూడు హ్యూ. నీ చిన్నప్పుడు మా మావయ్య మీ ఇళ్లమ్మటే పాడుతూ తిరిగేవాడు. అప్పుడు విన్నది నీ బుర్రలో ఎక్కడో ఉండిపోయింది. నువ్వు కట్టాననుకుంటున్నావు. ఎవరికైనా జరుగుతుంది, తప్పు కాదులే. పోనీ, నువ్వు రాసిన పలక ఏదీ, చూపించు?”

పలక ఎక్కడిది? ఒక్క రాతి ముక్క వృథా పోనివ్వడం బావకి చేతకాదు. పగులు వరకూ కొట్టేసి, అంచులు సరిచేసి, గీతలున్న వైపు లోపలికి తిప్పి చిన్న పలకల కట్టలో పెట్టేశాడు. ఏ దేశంలో ఎవరి ఇంటికప్పు మీద ఉందో. వానకి తడుస్తూ ఉంటుంది.

“పాకలో అందరూ విన్నారండి,” అన్నాడు బావ.

“అయితే ఇంకేం, సంఘం ముందే అడుగుదాం” అన్నారు అయ్యగారు. తన చేతి మురికి కడుక్కోవడానికి నీళ్లు దొరికినట్టు ఆయన మొహం తేటపడింది.

వారం మధ్యలో జరిగే సంఘం కూటానికి ఆ రోజు చోటు చాలలేదు. పెద్దల బల్ల జనానికి ఎదురుగా ఉంటుంది. గ్వాల్టర్ అక్కడ కూర్చుని ఒక్కొక్కరి మొహం తీరిగ్గా చూస్తున్నాడు. వచ్చే సోమవారం బేరాల రోజు. అక్క వచ్చి బావ పక్కన కూర్చుంది, నల్లటోపీ పెట్టుకుని.

అయ్యగారు లేచి, “ఈ బాణీ మన హ్యూ కట్టిందేనని, మొదట దాని పేరు నెస్టా అని తెలిసినవాళ్లు లేచి చెప్పండి” అన్నారు.

పాకలో పాడిన మగవాళ్లందరూ అక్కడే ఉన్నారు. నెడ్ మోర్గన్ తన బూట్లు చూసుకుంటున్నాడు. పాల హ్యూకి దగ్గు వచ్చింది. రెండు చొక్కాల హ్యూ పై చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

“తోమాస్, నువ్వే కదా పంపింది?” అన్నారు అయ్యగారు.

తోమాస్ సగం లేచాడు. అతని కొడుకులు ముగ్గురూ క్వారీలోనే. “నేను పాట ఎత్తేవాణ్ణి అయ్యగారూ. ఎవరు కట్టారో నాకెట్లా తెలుస్తుందండీ? పలక మీద రాసి ఇచ్చాడు. ఇచ్చాడు, అంతే. పేరంటారా, మా మందిరంలో మేం ఏదో అనుకునేవాళ్లం...” అని కూర్చున్నాడు.

నేను లేచాను. “నేను చెబుతాను.”

“సోదరీ, నువ్వు క్వారీలో లేవు కదా” అన్నారు అయ్యగారు.

“లేను. పిల్ల పోయిన ఇంట్లో ఉన్నాను. చాలదా?”

“కూర్చో అమ్మా” అన్నారాయన, చాలా దయగా.

ఎవరూ లేవలేదు. పాడమంటే కొండలు మారుమోగేలా పాడే మగవాళ్లు, నాలుగు శృతుల్లో ఏ ఒక్కటీ తప్పనివాళ్లు, ఒక్కడంటే ఒక్కడు గొంతు విప్పలేదు. బావ ఇంకాసేపు చూశాడు. తరవాత “సరేనండి” అని, అక్క కోటు అందుకుని ఆమెకి తొడిగాడు.

దారిలో నేను అందర్నీ పేరుపేరునా తిట్టాను. బావ అన్నీ విని, “వాళ్లకి పిల్లలున్నారు కాత్రిన్” అన్నాడు.

“నీకూ ఉండేది” అన్నాను. అన్నందుకు నేనేం బాధపడలేదు. ఎవరో ఒకరు అనాలి.

సోమవారం నెడ్ జట్టుకి మంచి రాయి వచ్చింది. తోమాస్ కొడుకులకి ఇంకా మంచిది. బావ జట్టుకి ఉలి పెడితే పొడి అయ్యే రాయి. నాలుగు నెలలు అలాగే ఇస్తే జట్టులోవాళ్లు, నీ వల్లే కదరా అని బావని వదిలేసి వెళ్లారు. ఆ తరవాత ఇంకొకరి కింద రోజుకూలికి పలకలు చీల్చాడు.

అక్క కొన్నాళ్లు మందిరానికి వస్తూనే ఉంది. తోమాస్ లేచినప్పుడల్లా కాస్త ముందుకి వంగేది. అతను ‘బ్రిన్‌లాస్’ అనేవాడు, ఆమె వెనక్కి వాలేది. అలా ఎన్ని ఆదివారాలు చూస్తాను? ఒకసారి నేనే తోమాస్‌ని దారిలో ఆపాను. “ఒక్కసారి అను మావా. పొరపాటున నోరు జారిందని చెబుదువుగాని.” అతను, “నేను మాత్రం ఏం చేసేదే అమ్మాయ్, పుస్తకంలో ఉన్నది చదవాలి కదా” అని తప్పుకుని వెళ్లిపోయాడు. తరవాత అక్క రావడం మానేసింది. చెట్లు ఆకులు రాల్చకముందే పోయింది. డాక్టరు ఏ జబ్బో చెప్పలేకపోయాడు. నన్నడిగితే చెప్పేదాన్ని.

బావ కూనిరాగం పూర్తిగా ఆగిపోయింది. ఊరు మాత్రం తుమ్మెద హ్యూ అనడం మానలేదు. మూగవాణ్ణి పట్టుకుని తుమ్మెద అంటూ తిరిగింది.

ఆ బాణీకి దేశమంతా పేరు వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో జనం హోరేబు చూడటానికి వచ్చేవాళ్లు. గ్వాల్టర్ వాళ్లని పక్కగదిలోకి తీసుకెళ్లి కోయిలగారి పటం చూపించి, ఆయన ఆ బాణీ ఏ గడప మీద కూర్చుని కట్టాడో కూడా చెప్పేవాడు. మొదట్లో గడప మారుతూ ఉండేది, కొన్నాళ్లకి ఒకటే గడప స్థిరపడింది. మందిరం గోడకి కోయిలగారి పేరున ఒక శిలాఫలకం పెట్టాలనుకున్నారు. అంత పెద్ద పలక పగలకుండా చీల్చాలంటే బావే కావాలి. అడిగారు. అడగడానికి వాళ్లకి నోరెలా వచ్చిందో నాకు తెలియదు. బావ ఒప్పుకున్నాడు, రాయి తనే ఎంచాడు, చీల్చి, అద్దంలా నున్నగా చేసి ఇచ్చాడు.

“నీకు సిగ్గుందా బావా?” అని అరిచాను.

“రాయి ఏం చేసింది కాత్రిన్?” అన్నాడు.

ఆ రాతి దుమ్మే చివరికి బావ ఊపిరితిత్తుల్లో గట్టిపడింది. చివరి ఏడాది పడుకుంటే దగ్గు, కూర్చుంటే ఆయాసం. ఆదివారం మందిరం కిటికీలు తీసి ఉంటే పాట ఇంటిదాకా వినిపించేది. ఆ బాణీ వచ్చినప్పుడు కిటికీ మూసేదాన్ని. “ఉండనీవే,” అనేవాడు. “బాగా పాడుతున్నారు.” అలాంటి మనిషిని ఏం చేస్తాం? నేను మూసేదాన్నే.

మా వైపు సమాధి దగ్గరికి ఆడవాళ్లు వెళ్లరు. శవపేటిక ఇంటి ముందు కుర్చీల మీద పెట్టి, గుమ్మం దగ్గరే ప్రార్థన చేసి, ఒక పాట పాడి, మగవాళ్లు మోసుకుని వెళతారు. ఆడవాళ్లం లోపల ఉడికించిన పందిమాంసం కోసి, టీ కాచి, వాళ్లు తిరిగి వచ్చేసరికి వడ్డించాలి. బావని తీసుకెళ్లిన రోజు వంటింటి కిటికీ తెరిచే ఉంది. క్వారీ క్వారీ అంతా వచ్చింది. వీధి చివరిదాకా నల్లకోట్లే. అందులో సగం నేను కుట్టినవే.

అయ్యగారు ముసలివారయ్యారు, గొంతు మాత్రం బాగానే ఉంది. “మన సోదరుడు పేరు ప్రఖ్యాతులు కోరని మనిషి,” అన్నారు. “అయినా దేవుడు ఆయనకి ఒక గొప్పవాడి పేరు ఇచ్చాడు. అందుకే ఈ సామాన్యుడైన హ్యూ హ్యూస్‌ని, ఆ మహనీయుడైన హ్యూ హ్యూస్ బాణీతోనే సాగనంపుదాం. ఆయన ఎంత సంతోషించేవాడో!”

తోమాస్ ప్యారీ కర్ర ఊతంతో ముందుకి వచ్చాడు. “బాణీ: బ్రిన్‌లాస్” అన్నాడు.

“నెస్టా!” అని అరిచాను కిటికీలోంచి. చేతిలో కత్తి ఉంది.

టోపీలు తీసిన తలలన్నీ ఇటు తిరిగాయి. తోమాస్ నన్ను చూశాడు. అతని పెదాలు కదిలాయి. ఒక్క మాట. దానివల్ల ఇప్పుడు ఎవరికీ నష్టం లేదు. గ్వాల్టర్ పోయి రెండేళ్లయింది, క్వారీలో బేరాలు కుదిర్చేది ఇప్పుడు ఎవరో కొత్తవాడు. తోమాస్ కళ్లు దించుకుని శృతి అందించాడు.

పాడారు. అంత బాగా పాడతారని నేను అనుకోలేదు. నెడ్ మోర్గన్ మంద్రం అందుకుంటే మా వంటింట్లో టీ కప్పులు అదిరాయి. కొందరు ఏడుస్తున్నారు, ఆపకుండా పాడుతూనే ఏడుస్తున్నారు. ఒక్క శృతి తప్పితే బాగుండునని నాకు అనిపించింది. తప్పలేదు. పాడుతూనే పేటిక ఎత్తుకుని కొండ మీదికి వెళ్లిపోయారు.

నా పక్కన రొట్టెకి వెన్న రాస్తున్న అమ్మాయి నెడ్ కోడలు. పక్క లోయ నుంచి పెళ్లి చేసుకుని వచ్చింది, ప్రతి ఆదివారం నా వెనక వరసలోనే ఆ బాణీ పాడుతుంది. “నెస్టా అంటే ఎవరు పిన్నీ?” అని అడిగింది.

చెప్పాను. బూట్ల మీద నిలబడ్డ పిల్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి, పలక, పుస్తకం, కూటం, ఎవరూ లేవకపోవడం, ఆమె మావగారు బూట్లు చూసుకోవడం, అన్నీ చెప్పాను. ఆ అమ్మాయి పని ఆపేసి వింది. కళ్లు తుడుచుకుంది. మంచి పిల్లే.

“పాపం, పిన్నీ,” అంది. “కానీ పుస్తకంలో కోయిలగారిదనే ఉంది కదా.”

మగవాళ్లు తిరిగొచ్చే వేళవుతోంది. కత్తి ఆమె చేతికిచ్చి, మిగతా మాంసం కోయమన్నాను.